విరిగిందా, వేరుపడిందా?

తెలుగు లెక్చరరుకు పంటి వైద్యంతో పనేమిటని మీరు అడగవచ్చు. పళ్లున్న ప్రతివాడికీ పనే అని చెప్పి తప్పించుకోవచ్చుగాని, నా సంగతి అంతటితో పోయేది కాదు. కిందటి సంక్రాంతి సెలవుల్లో మా మేనల్లుడు నాలుగు కాగితాలు పట్టుకుని మా యింటికి వచ్చాడు. అతడు బి. డి. ఎస్. ముగించి, ఎం. డి. ఎస్. చదువుతున్నాడు. రూట్ కెనాల్ వైద్యం అతని ప్రత్యేక విషయం. ఆ చదువుకు ఒక సిద్ధాంత వ్యాసం రాయాలి. పంటి వేరులో వుండే సన్నని కాలువను లోపలినుంచి చెక్కే మోటారు పనిముట్లు రెండు రకాలవి తీసుకుని, దేనితో చేస్తే రోగికి తర్వాత నొప్పి తక్కువో తేల్చడం అతనికిచ్చిన అంశం.

"అంతా ఇంగ్లీషులో రాసేశాను మామయ్యా. రోగుల చేత సంతకం పెట్టించుకునే అంగీకారపత్రం మాత్రం తెలుగులో వుండాలన్నారు కమిటీవారు. నువ్వయితే గంటలో రాసి పారేస్తావని అమ్మ చెప్పింది," అన్నాడు.

నా మీద మా అక్కయ్యకు మొదటినుంచీ నమ్మకం ఎక్కువ. గంటలో కాలేదు, పదకొండు రోజులు పట్టింది. అడ్డం పడిన మాట ఒక్కటే. చికిత్సలో జరగడానికి వీలున్న ప్రమాదాల జాబితాలో మూడోది 'ఇన్‌స్ట్రుమెంట్ సెపరేషన్'. 'పనిముట్టు వేరుపడుట' అని ఠక్కున రాశాను. రాసింది చదువుకుంటే నవ్వొచ్చింది. వేరులో వేరుపడుటట!

"ఏది దేన్నుంచి వేరుపడుతుందిరా అబ్బాయ్?"

"ఫైలు కొన, మామయ్యా. మిగతా ఫైలు నుంచి."

"అంటే విరుగుతుందన్నమాట."

"విరగడమే. కాని మావాళ్లు ఆ మాట అనరు. సెపరేషన్ అనే అంటారు."

నేనేమీ అనలేదు. ఎడమవైపు కింది దవడ పన్నును నాలుకతో ఒకసారి తడిమి చూసుకున్నాను. అటువంటి ముక్క ఒకటి 2012 నుంచి అందులో కాపురముంటున్నది.

ఆ కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ సంవత్సరం నేనొక పట్నంలో పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లి, పంటినొప్పితో ఒక డాక్టరుగారి కుర్చీలో పడ్డాను. రెండోరోజు పని సగంలో వుండగా మోటారు హఠాత్తుగా ఆగింది. నాకు నొప్పి తెలియలేదు, మత్తు సూది పనిచేస్తూనే వుంది. డాక్టరుగారు సహాయకురాలి వంక చూశారు. ఆమె గోడ వంక చూసింది. వెంటవెంటనే మూడు ఎక్స్‌రేలు తీశారు. చివరికి, "అయిపోయిందండీ, బాగా వచ్చింది," అన్నారు. డబ్బు కట్టి వచ్చేశాను. 2019లో ఇంకో వూళ్లో, ఇంకో పన్ను చూపించుకుంటే, అక్కడి డాక్టరుగారు ఎక్స్‌రేలో ఆ పక్క పంటిని చూసి, "ఇందులో ఫైలు ముక్క వుండిపోయినట్టు మీకు చెప్పారాండీ?" అని అడిగారు. వేరు వంపు తిరిగే చోట మూడు మిల్లీమీటర్ల తెల్లని గీత. ఏడేళ్లుగా అది నా నోట్లో వుంది, నాకు తప్ప ఆ కుర్చీ చుట్టూ వున్న అందరికీ తెలుసు.

కాబట్టి మా అబ్బాయితో అన్నాను: "అసలు అదేమిటో, ఎందుకు విరుగుతుందో, నువ్వు పోల్చే రెండింటికీ తేడా ఏమిటో ముందు నాకు పాఠం చెప్పు. తర్వాత మాట వెతుకుతాను." ఆ పాఠమే ఇది. తప్పులుంటే నావి, అతనివి కావు.

గడియారపు స్ప్రింగుతో మొదలు

పంటి నడుమ చిన్న గది వుంటుంది. అందులో నరాలూ, రక్తనాళాలూ అల్లుకున్న మెత్తని గుజ్జు. ఆ గది అడుగునుంచి ఒక్కొక్క వేరులోకి ఒకటో రెండో కాలువలు దిగుతాయి. కింది దవడలో మొదటి పెద్ద పంటికి సాధారణంగా రెండు వేళ్లు, మూడు కాలువలు; నాలుగు వుండటమూ కద్దు. పన్ను నిలువునా రెండు సెంటీమీటర్ల చిల్లర. కాలువ చివరి ద్వారం సాధారణంగా మిల్లీమీటరులో మూడో వంతు కూడా వుండదు. పైగా అది తిన్నగా వుండదు, కొడవలిలా వంపు తిరుగుతుంది.

పిప్పి లోతుకు దిగి గుజ్జు కుళ్లితే, ఆ కుళ్లును చివరిదాకా తోడి, కాలువను శుభ్రం చేసి, మూసివేయడమే రూట్ కెనాల్ వైద్యం. మన తిరునాళ్లలో పంటిలోంచి పురుగు తీసి చూపించే ఘనులుండేవారు. నొప్పి పెట్టేది పురుగు కాదు, సూక్ష్మజీవి. 1965లో కకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ అనే ముగ్గురు అమెరికాలో ఎలుకల మీద దీన్ని రుజువు చేశారు. పళ్లు తొలిచి గుజ్జు బయటపెట్టి వదిలేస్తే, మామూలు ఎలుకల పళ్లు కుళ్లిపోయాయి. సూక్ష్మజీవులే లేని వాతావరణంలో పెంచిన ఎలుకల పళ్లు మాత్రం, ఆ రంధ్రంలో తిండి మెతుకులు ఇరుక్కున్నా, తమంతట తామే పూడుకోసాగాయి.

ఈ పనికి మొదటి పనిముట్టు చేసినవాడుగా చెప్పుకునేది ఎడ్వర్డ్ మేనార్డ్ అనే అమెరికను దంతవైద్యుణ్ణి. 1838లో గడియారపు స్ప్రింగును ఆకురాయితో అరగదీసి సన్నని పుల్ల చేశాడట. తుపాకులలో కొత్త కొత్త మరలు కనిపెట్టిన మనిషి కూడా ఆయనే! తర్వాతి కాలంలో ఉక్కు తీగను మూడు పలకలుగానో నాలుగు పలకలుగానో సాది, మెలిపెట్టి, ఆ మెలికల అంచులనే కత్తులుగా వాడుకున్నారు. డెట్రాయిట్‌లోని కెర్ కంపెనీ చేసింది గనక దానికి 'కె-ఫైలు' అని పేరు వచ్చింది. నేటికీ పేరు అదే.

'ఫైలు' అంటే ఇక్కడ మన కమ్మరి ఆకురాయే. సూదికంటె సన్నని ఆకురాయి అనుకోండి. మొదట్లో ఒక కంపెనీ 3వ నంబరుకూ మరో కంపెనీ 3వ నంబరుకూ పొంతన వుండేది కాదు. 1958లో జాన్ ఇంగిల్ అనే ఆచార్యుడు ఒక పద్ధతి ప్రతిపాదించాడు. దాని ప్రకారం 25వ నంబరు అంటే కొన వెడల్పు మిల్లీమీటరులో నూటికి 25 వంతులు. అక్కడినుంచి పైకి మిల్లీమీటరుకు 0.02 చొప్పున లావు పెరుగుతుంది. పిడి రంగు చూసి నంబరు చెప్పవచ్చు: తెలుపు 15, పసుపు 20, ఎరుపు 25, నీలం 30, ఆకుపచ్చ 35, నలుపు 40.

నేను తవ్విన కాలువ

అబ్బాయి సంచీలోంచి ఒక గాజులాంటి ప్లాస్టిక్ దిమ్మ తీశాడు. అగ్గిపెట్టెలో సగం వుంటుంది. దాని లోపల వంపు తిరిగిన కాలువ, కాలువ నిండా ఎర్ర సిరా. విద్యార్థులు చెయ్యి తిప్పుకోవడానికీ, పనిముట్లను పోల్చి చూడటానికీ ఈ దిమ్మలు వాడతారట. "నువ్వే చెక్కి చూడు," అని ఉక్కు ఫైళ్లు నా చేతికిచ్చాడు.

15వ నంబరు సులువుగా అడుగుదాకా పోయింది. 20 కూడా పోయింది. నాకు గర్వం వచ్చింది. 25 దగ్గర కొంచెం పట్టినట్టయింది. 30 వంపు దగ్గరే ఆగింది. బలం పెట్టి నొక్కాను. దిగింది! వెలుతురుకు పట్టి చూపించాడు అబ్బాయి. "దిగింది నిజమే మామయ్యా. పాత కాలువలోకి కాదు. నువ్వు కొత్తది తవ్వావు."

మాది తెనాలి. కృష్ణ కాలువ నీళ్లు తాగి పెరిగినవాణ్ణి గనక ఆ దిమ్మలో జరిగింది వెంటనే బోధపడింది. వంపు దగ్గర ప్రవాహం అవతలి గట్టును కోసుకుపోతుంది చూడండి, ఉక్కు ఫైలూ అంతే. లావవుతున్న కొద్దీ దానికి బిరుసు పెరుగుతుంది. వంచి లోపలికి తోసినా తిన్నగా నిలబడాలనే చూస్తుంది. ఆ పట్టుదలలో కొన దగ్గర వంపు అవతలి గోడను, దానికి పైన లోపలి గోడను తినేస్తుంది. మెట్టు పడుతుంది. ఇంకా మొండికేస్తే వేరుకు చిల్లి పడుతుంది. చెయ్యి తిరిగిన డాక్టర్లు ఫైలును ముందుగా వంచుకుని, కొంచెం కొంచెం తిప్పుతూ, ఉక్కుతోనే చక్కగా చేయగలరు. 1985లో రోన్ అనే అమెరికను అలా అటు కొంచెం ఇటు కొంచెం తిప్పుతూ చెక్కే ఒక పద్ధతిని పుస్తకాలకెక్కించాడు. కాని దానికి గంటల ఓర్పు కావాలి, వేళ్లు పట్టేస్తాయి.

మరి మోటారు తగిలిస్తే? ఆ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 1889లోనే రోలిన్స్ అనే ఆయన ఈ పనికి ఒక యంత్రపు పిడి చేశాడు. సూది విరిగిపోతుందన్న భయంతో నిమిషానికి 100 చుట్లు మించకుండా తిప్పేవాడట. చూశారా, విరుగుతుందన్న భయం మొదటి రోజునుంచీ వున్నదే! 1964లో జైరోమాటిక్ అనే యంత్రం వచ్చింది. అది ఉక్కు ఫైలును పావు చుట్టు అటూ పావు చుట్టు ఇటూ ఆడించేది. చేతిపనిని అదీ తప్పించలేకపోయింది. చిక్కంతా యంత్రంలో లేదు, లోహంలో వుంది.

సిగరెట్టు లైటరు చెప్పిన రహస్యం

ఆ లోహం పంటివైద్యుల కోసం పుట్టలేదు. అమెరికా నౌకాదళానికి మేరీల్యాండులో ఆయుధాల పరిశోధనశాల ఒకటి వుండేది. అక్కడ విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రజ్ఞుడు 1950ల చివర క్షిపణుల ముక్కుకు వేడికి ఓర్చే లోహం వెతుకుతూ నికెలూ టైటానియమూ కలిపి చూశాడు. 1960ల మొదట్లో ఒకనాడు పై అధికారుల సమావేశంలో ఆ మిశ్రమలోహపు రేకును విసనకర్రలా మడతలు పెట్టి, ఎన్నిసార్లు వంచినా తెగదని చూపించడానికి చేతులు మార్చారు. డేవిడ్ మజీ అనే అధికారి తన పైపు వెలిగించుకునే లైటరును దాని కింద పెట్టాడు. మడతలన్నీ విచ్చుకుని రేకు తిన్నగా సాగింది! వంచినా తన పాత రూపు మరవని లోహం. నికెలు, టైటానియం పేర్లకు ఆ పరిశోధనశాల పొడి అక్షరాలు తగిలించి దానికి నిటినాల్ అని పేరు పెట్టారు.

ముందు ఎగుడు దిగుడు పళ్లను సరిచేసే తీగలుగా ఆ లోహం నోట్లోకి వచ్చింది. 1988లో వాలియా, బ్రాంట్లీ, గెర్‌స్టీన్ అనే ముగ్గురు ఆ తీగలనే అరగదీసి 15వ నంబరు ఫైళ్లు చేశారు. ఉక్కు ఫైలుకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ వంగాయి. మెలితిప్పితే తట్టుకోవడంలోనూ అవే మెరుగు. మామూలు ఉక్కును నూటికి ఒక వంతు సాగదీస్తే ఇక వెనక్కు రాదు. ఈ లోహం ఎనిమిది వంతుల దాకా సాగి మళ్లీ మామూలవుతుంది. వంచేటప్పుడు లోపల అణువుల అమరికే ఒక రూపునుంచి ఇంకో రూపుకు మారుతుంది, వదిలితే తిరిగి మొదటి రూపుకు వస్తుంది. అందుకే వంపు తిరిగిన కాలువలో, వంగిన స్థితిలోనే, గిరగిరా తిరగగలదు.

ఇక 1990లలో వరుసగా దిగాయి. మెక్‌స్పాడెన్ 1992లో మొదటివి తెచ్చాడు. తర్వాత ప్రోఫైల్, 2001లో ప్రోటేపర్. చేతి ఫైలులా మిల్లీమీటరుకు 0.02 లావెక్కడం కాదు, ఇవి 0.04, 0.06, ఇంకా పైన. ఎందుకంటే షిల్డర్ అనే ఆచార్యుడు 1974లోనే కాలువను గరాటులా, పైన వెడల్పుగా చివరికి సన్నగా చెక్కాలని చెప్పి వున్నాడు. ఉక్కుతో పది ఫైళ్లు మార్చి మార్చి చేసే గరాటును ఇవి నాలుగైదు ఫైళ్లలో చేస్తాయి. అబ్బాయి నా ఎదురుగానే ఇంకో దిమ్మ తీసుకుని మోటారుతో చెక్కాడు. నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోగా అయిపోయింది. వంపు వంపులాగే వుంది. నా దిమ్మను మెల్లగా బల్లకిందికి తోశాను.

బొంగరమూ, కవ్వమూ

ఇప్పుడు అతని పోలిక. మొదటి రకం ప్రోటేపర్ గోల్డ్. నిమిషానికి సుమారు 300 చుట్లు, ఒకే దిక్కుకు, బొంగరంలా. రెండో రకం వేవ్‌వన్ గోల్డ్. ఇది బొంగరం కాదు, కవ్వం. అయితే మన కవ్వం అటూ ఇటూ సమంగా తిరుగుతుంది. ఇది సమంగా తిరగదు. కోసే దిక్కుకు సుమారు 150 డిగ్రీలు పోయి, 30 డిగ్రీలు వెనక్కు వస్తుంది. మూడు విడతల్లో ఒక చుట్టు. ఎక్కువ కాలువలకు ఒక్క ఫైలే చాలునంటారు. ఈ ఆలోచనకు మూలం 2008లో యారెడ్ అనే డాక్టరు రాసిన వ్యాసం. ప్రోటేపర్ ఫైళ్లలో ఒక్కదాన్నే తీసుకుని ఇలా ఆడించి, కాలువ మొత్తం చెక్కి చూపించాడు. 2011లో అది సరుకై బజారుకు వచ్చింది.

ఈ వెనకడుగు ఎందుకు? ఇక్కడే విరగడం సంగతి వస్తుంది. ఫైలు రెండు రకాలుగా విరుగుతుంది. ఒకటి, కొన ఎక్కడో బిగుసుకుంటుంది, మోటారు ఆగకుండా తిప్పుతూనే వుంటుంది, మెలిపడి తెగుతుంది. రెండోది, ఇనుప తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే పుటుక్కుమంటుంది చూడండి, అది. వంపులో తిరిగే ఫైలుకు ప్రతి చుట్టుకూ ఒక పక్క సాగుతుంది, రెండో పక్క నలుగుతుంది. 300 చుట్లంటే క్షణానికి అయిదుసార్లు. తమాషా ఏమిటంటే ఈ రెంటికీ మందు ఒకటి కాదు. లావు ఫైలు మెలికకు ఓర్చుకుంటుందిగాని వంపులో తొందరగా అలిసిపోతుంది. సన్న ఫైలు వంపులో ఎక్కువసేపు బతుకుతుందిగాని మెలికకు తాళలేదు. అందుకని పనిముట్టు చేసేవాళ్లు ఒకదాన్ని పట్టుకుంటే ఇంకోటి జారుతుంది. ఉక్కయితే విరిగేముందు మెలికలు విచ్చుకుని కంటికి కనబడి హెచ్చరిస్తుంది. తొలినాటి నికెలు టైటానియం ఫైళ్లకు ఆ మర్యాద కూడా లేదు. చూడటానికి నిక్షేపంగా వుండగానే విరిగేవి.

కవ్వం ఆట మొదటి ప్రమాదానికి విరుగుడు. బిగిసే లోపలే వెనక్కు వదులుతుంది. ప్రయోగశాల పరీక్షల్లో సాధారణంగా కవ్వం ఫైలే ఎక్కువసేపు నిలిచింది. ఇక పేరులోని 'గోల్డ్' బంగారం కాదు, లోహాన్ని కాల్చి పదునుపెట్టడంలో వచ్చిన రంగు. ఆ పదునుతో ఫైలు మరింత మెత్తబడుతుంది. వంచితే పూర్తిగా వెనక్కు కూడా రాదు, కొంచెం వంగే వుంటుంది. వంపు కాలువకు అదీ మంచిదే.

"మరయితే కవ్వమే గెలిచినట్టుగా?" అన్నాను.

"అంత తేలిగ్గా తేలితే మా కెందుకు మామయ్యా థీసిస్సులు?" అన్నాడు.

తేలని లెక్కలు

అతను చెప్పినవన్నీ విన్నాక నాకు తోచినదేమిటంటే, ఈ రంగంలో పోలిక చేసేవాడి పద్ధతిని బట్టి ఫలితం మారిపోతుంది. ఉక్కు దిమ్మలో గాడి చెక్కి అందులో ఫైలు విరిగేదాకా తిప్పుతారు. గది చల్లదనంలో తిప్పితే ఒక లెక్క, నోటి వెచ్చదనంలో తిప్పితే అంతకు తక్కువ లెక్క. ఇంకో వుదాహరణ. కొందరు పీకేసిన పళ్లను ఫైళ్లతో చెక్కి, అడ్డంగా కోసి చూసి, వేళ్లలో సన్నని బీటలు కనిపించాయన్నారు. కవ్వం ఫైళ్ల మీద నింద పడింది. 2014లో బ్రెజిల్ దేశపు డి-డ్యూస్ బృందం పంటిని కోయకుండానే లోపల చూడగల సూక్ష్మ ఎక్స్‌రే యంత్రంతో, చెక్కకముందూ చెక్కిన తర్వాతా అదే పంటిని చూసింది. ఆ బీటలు ముందునుంచీ వున్నవే! పాపం, ఫైలు దోషి కాదు.

వాటిలోకెల్లా నన్ను ఆపేసిన లెక్క ఇంకోటుంది. 2001లో పీటర్స్, ఆయన సహచరులు అటువంటి యంత్రంతోనే నాలుగు రకాల చెక్కుడు పద్ధతులు పోల్చి చూశారు. ఏ పద్ధతితో చేసినా కాలువ గోడలో నూటికి 35 వంతులో, ఇంకా ఎక్కువో ఫైలు తాకనే లేదు. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. ఫైలు గుండ్రంగా తిరుగుతుంది, కాలువ చాలాచోట్ల కోలగా వుంటుంది. మూలలు మిగిలిపోతాయి. 2010 ప్రాంతాన వలలా అల్లిన బోలు ఫైలు ఒకటి కూడా చేశారు, కాలువ ఆకారానికి తగ్గట్టు అణిగి రుద్దాలని. దానితోనూ నూటికి నూరు రాలేదు.

మిగిలిన గోడను శుభ్రం చేసేది ద్రవం. సోడియం హైపోక్లోరైట్. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాలు కడిగిన డేకిన్ ద్రావణం ఇదే. ఫైలు ముఖ్యమైన పని ఆ ద్రవం అడుగుదాకా పోయేందుకు దారి వేయడం. దానివల్ల ఇంకో సంగతి తెలిసింది. కవ్వం పద్ధతిలో పని తొందరగా అవుతుంది. తొందరగా అయింది కదా అని కడగడం కూడా తొందరగా ముగిస్తే లాభం పోయినట్టే. మా అబ్బాయి గురువుగారు ఈ విషయంలో చండశాసనులట. ఫైలు పని అయిదు నిమిషాల్లో అయినా, కడగడం మాత్రం గడియారం చూసి చేయిస్తారట.

నొప్పి మాట? చెక్కిన పొడి వేరు కొననుంచి బయటికి నెట్టుకుపోతే ఆ రాత్రి పన్ను సలుపుతుంది. కవ్వం ఎక్కువ నెడుతుందని కొందరి పరీక్ష, బొంగరమే నెడుతుందని కొందరిది. అందుకే అతని థీసిస్.

విరిగిన ఫైలు మాటకు వస్తే, మెల్‌బోర్న్‌లో స్పిలి, పరాషోస్, మెస్సర్ అనే ముగ్గురు 2005లో ప్రకటించిన లెక్క వుంది. నిపుణులు చేసిన 8,460 చికిత్సలు తిరగేస్తే 277 పళ్లలో ముక్కలు కనబడ్డాయి. అంటే నూటికి మూడుకు పైచిలుకు. ముక్క వుండిపోయిన పళ్లను, అటువంటివే ముక్క లేని పళ్లతో జత చేసి చూశారు. మానినవి ముక్క లేనివాటిలో నూటికి 94.5, వున్నవాటిలో 91.8. వేరు కొన దగ్గర అప్పటికే చీము పుండు వున్న పళ్లలో మాత్రం తేడా పెరిగింది: 92.9కి 86.7.

ఈ అంకెలు విని నేను చాలాసేపు కూర్చున్నాను. నా పన్ను బాగానే వుందని 2019లో చూసిన డాక్టరుగారు అన్నారు, ఎముక చక్కగా వుందన్నారు. అంటే ఆనాడు ఆ మొదటి డాక్టరుగారు, "విరిగిందండీ, ముక్క తీయబోతే పన్నుకే ప్రమాదం, వుంచేస్తున్నాను, ఏడాదికోసారి చూపించుకోండి," అని వుంటే సరిపోయేది. అది చెప్పుకోకూడని తప్పు కూడా కాదు. ఎంత నిపుణుడి చేతిలోనైనా నూటికి మూడు విరుగుతున్నాయి. అయితే పాత ఫైలును ఆవిరి పట్టి పదే పదే వాడితే అలసట పోగై విరుగుతుందన్నదీ నిజమే. ఆవిరి రోగక్రిములను చంపుతుందిగాని లోహపు అలసటను తీర్చదు. ఇంగ్లండులో 2007లో ప్రభుత్వంవారు ఒక ఫైలు ఒక రోగికే అన్నారు, అది అంటురోగాల భయంతో. మన దగ్గర మళ్లీ వాడటం వాడుకలో వున్నదే. నా ఫైలు ఎన్నోదో నాకు తెలియదు.

బియ్యం నిండుకున్నాయి

మళ్లీ మాట దగ్గరికి వచ్చాను. తెలుగులో పుల్ల విరుగుతుంది, తాడు తెగుతుంది, కుండ పగులుతుంది, పిడి వూడుతుంది. వేరుపడేది అన్నదమ్ములు. ఫైలుకు విరగడమే సరి.

అయితే అబ్బాయి వూరుకోలేదు, తెలివైనవాడు. "నువ్వే కదా మామయ్యా చెప్పావు, మన ఆడవాళ్లు బియ్యం అయిపోయాయనరు, నిండుకున్నాయంటారని? దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారని? మా సెపరేషన్ కూడా అటువంటిదే అనుకో. విరుగుతుందని రాస్తే ఎవడూ సంతకం పెట్టడు."

క్లాసులో విద్యార్థి ఎదురు ప్రశ్న వేసినప్పుడు ఎంత సంతోషమో అంత ఇబ్బంది. రాత్రంతా ఆలోచించి మర్నాడు జవాబు చెప్పాను. "మీ అమ్మ బియ్యం నిండుకున్నాయంటే మీ నాన్న సంచీ తీసుకుని బజారుకు వెళతాడు. కొండెక్కిందంటే ఎవరో లేచి వత్తి వెలిగిస్తారు. విన్నవాడికి అర్థమవుతుంది గనక అది మర్యాద అయింది. మరి వేరుపడిందంటే రోగి ఏం చేస్తాడు? నేనేం చేశాను, ఏడేళ్లు?"

అతనేమీ అనలేదు. నేను రాశాను: "కాలువను చెక్కే సన్నని ఆకురాయి ఒక్కొక్కప్పుడు విరిగి, ముక్క పంటిలోనే వుండిపోవచ్చును. అట్లు జరిగినచో మీకు తెలియజేయబడును."

ఆదివారం అక్కయ్య వచ్చింది. కాగితం ఆమె చేతికిచ్చి చదవమన్నాను. విరగడం దగ్గర ఆమె ఆగలేదు, జంకలేదు. చివరి ముక్క దగ్గర ఆగింది.

"తెలియజేయబడునా? ఎవరు తెలియజేస్తార్రా? ఎప్పుడు?"

ఇరవయ్యేళ్లుగా పిల్లలకు ఇటువంటి వాక్యాలు కొట్టేస్తున్నవాణ్ణి. సిగ్గుపడి కొట్టేసి, "అలా జరిగితే మీ డాక్టరు ఆ రోజే మీకు చెబుతారు. ఎక్స్‌రే చూపిస్తారు," అని రాశాను. "ఆ, ఇదయితే నేనూ పెడతాను సంతకం," అంది అక్కయ్య. ఆమెకూ ఒక పన్ను సలుపుతోందని అప్పుడు బయటపెట్టింది.

కమిటీ నుంచి కాగితం నెలకు తిరిగి వచ్చింది. 'విరిగి' అన్నదాన్ని వుంచారు. 'ఆ రోజే' కూడా వుంచారు. నా 'ఆకురాయి'ని మాత్రం కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'ఫైలు' అని రాశారు, అందరికీ తెలిసిన మాట వుండాలని.

మొదటి రోగి పల్లెటూరి రైతట, అరవయ్యేళ్లాయన. కాగితం రెండుసార్లు చదువుకుని, "ఫైలు విరగటమేంది బాబూ? మా పొలం ఫైలు మూడేళ్లుగా ఆఫీసులో తిరగతా వుంది. కనపళ్లేదన్నారుగాని, విరిగిందని ఎవరూ అన్లా," అన్నాడట. అబ్బాయి నవ్వు ఆపుకుని, సీలు విప్పి కొత్త ఫైలు ఒకటి తీసి, ఆయన చేతిలో పెట్టాడట. ఆయన దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసి, బొటనవేలితో ఒకసారి గీసి, "ఓస్, ఆకురాయా!" అని సంతకం పెట్టి నోరు తెరిచాడట.

ఆ ఫైలును మాత్రం అవతల పెట్టి, ఇంకో కొత్తది విప్పవలసి వచ్చిందని మా వాడు తర్వాత ఫోనులో మొత్తుకున్నాడు.